పోపుల డబ్బాలో రంగులు



ముందుగా ఒక చిన్న పని చెప్తాను, ఏమీ అనుకోకండి. ఈ పేజీ కాసేపు పక్కన పెట్టి, మీ ఇంట్లో పిల్లల పెన్సిళ్లు, రంగులు పెట్టుకునే డబ్బాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రండి. స్కూలు బ్యాగులో ఉన్నదీ, సోఫా కిందకు పోయినదీ, మూత ఊడి సజ్జ మీదకు చేరినదీ, పుట్టినరోజుకు ఎవరో ఇస్తే పైకవరు కూడా విప్పకుండా బీరువాలో పెట్టినదీ అన్నీ కలిపి లెక్కపెట్టండి.

మా ఇంట్లో తొమ్మిది తేలాయి. చదువుకునేది మాత్రం ఒక్క పిల్లే. నిరుడు రెండో తరగతి, ఈ జూన్‌లో మూడుకు వచ్చింది.

ఆ తొమ్మిదింటిలో మీట నొక్కితే షార్ప్‌నర్ బయటికి వచ్చేది ఒకటి. అయస్కాంతంతో మూతపడే రెండు వైపుల డబ్బా ఒకటి. కారు ఆకారంలో ఉండి నిజంగానే చక్రాల మీద నడిచేది ఒకటి. కార్టూన్ బొమ్మల రేకు డబ్బాలు మూడు. మిగతా మూడూ ఏ కాలంలో కొన్నామో మాకే గుర్తు లేదు. తొమ్మిది డబ్బాలున్నా, పొద్దున ఎనిమిదింటికి బస్సు హారన్ కొట్టే వేళకు "పెన్సిల్ ఏది? రబ్బరు ఏది?" అని ఇల్లంతా వెతుకులాటే.

ఇది అందరిళ్లలో ఉండే గొడవే కదా అని నేనూ పట్టించుకోలేదు. నవంబరులో జరిగిన పేరెంట్స్ మీటింగ్ దాకా.

ఆ రోజు క్లాస్ టీచర్ మార్కుల సంగతి చెప్పి, చివర్లో డ్రాయింగ్ పుస్తకం తీసి నా ముందు పెట్టారు. దసరా సెలవుల తర్వాత పిల్లలందరితో బతుకమ్మ వేయించారట. మా పాప వేసిన బతుకమ్మలో వరుస వరుసకూ పూలున్నాయి. తంగేడు, గునుగు, బంతి, పైన గుమ్మడి పువ్వు. ఏ పువ్వు ఏదో రేకులు చూసి చెప్పవచ్చు. కానీ మొత్తం పెన్సిల్ గీతే. ఒక్క రంగూ లేదు.

"పాప గీత చాలా బాగుంది సార్. రంగులు వెయ్యమంటే మాత్రం వెయ్యదు. డబ్బా తీస్తుంది, చూస్తుంది, మళ్లీ మూసేస్తుంది. ఇంట్లో ఒకసారి కనుక్కోండి" అన్నారు టీచర్.

బండి మీద ఇంటికి వస్తుంటే అడిగాను. "బతుకమ్మకు రంగులు ఎందుకు వెయ్యలే బిడ్డా?"

"వేస్తే అయిపోతయి కద డాడీ."

కాసేపాగి తనే అంది: "పోయినసారి ఎర్రది పోయిందని నువ్వు ఎంత మొత్తుకున్నవ్!"

మొత్తుకున్న మాట నిజం. రంగు పోయిందని, మూత పోయిందని, పక్క పిల్లకు ఇచ్చి తిరిగి తీసుకోలేదని వారంలో రెండు మూడుసార్లయినా మా ఇంట్లో ఆ పంచాయితీ ఉండేది. డబ్బులు లేక కాదు. "వస్తువు విలువ తెలియాలి" అనుకునేవాణ్ణి. పాపకు తెలిసింది మాత్రం వేరే. రంగు వాడితే తగ్గుతుంది, తగ్గితే డాడీ అరుస్తాడు, కాబట్టి వాడకపోతే సరిపోతుంది. ఏడేళ్ల పిల్ల లెక్క అది. తప్పు పట్టడానికి కూడా లేదు.

ఆ రాత్రి పాప పడుకున్నాక బీరువా తీశాను. ఏప్రిల్‌లో తన పుట్టినరోజుకు వచ్చిన పెద్ద రంగుల సెట్టు అందులో ఉంది. సూట్‌కేసులా తెరుచుకునే డబ్బా. క్రేయాన్లు, స్కెచ్‌పెన్నులు, కలర్ పెన్సిళ్లు, వాటర్ కలర్ బిళ్లలు, ఒక్కోదానికి ఒక్కో అచ్చు గుంట. పుట్టినరోజు సాయంత్రం పిల్లలందరూ కలిసి ఒక గంట వాడారు. "ఇది మంచిది, పెద్దయ్యాక వాడుకుందువు" అని నేనే మూసి లోపల పెట్టాను. ఏడు నెలల తర్వాత మళ్లీ ఆ రాత్రే తెరిచాను.

స్కెచ్‌పెన్నుల్లో సగానికి పైగా ఎండిపోయాయి. క్రేయాన్లు కొన్ని వంగి, ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఎవరూ వాడలేదు, ఎవరూ పారేయలేదు. నేను భద్రంగా దాచాను, అవి దాచిన చోటే పాడైపోయాయి.

ఎందుకలా అయిందో తర్వాత తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని చెప్తున్నాను. క్రేయాన్ అంటే రంగు పొడి కలిపిన పారఫిన్ మైనం. బాగా వేడి తగిలితే అది మెత్తబడటం మొదలవుతుంది. పుట్టినరోజు ఫంక్షన్ నుంచి తెచ్చిన గిఫ్టులు రెండు రోజులు మా కారు డిక్కీలోనే ఉండిపోయాయి. మన కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? బయట 42 ఉంటే, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకంటే ఎంతో ఎక్కువ. అక్కడే వంగిపోయాయి. చలికాలంలో దీనికి తిరకాసు. సంక్రాంతికి ఆదిలాబాద్‌లో మా అత్తగారింట్లో పొద్దున్నే రంగులు తీస్తే, చలికి మైనం గట్టిపడి కొంచెం ఒత్తగానే క్రేయాన్ పుటుక్కున విరిగేది.

స్కెచ్‌పెన్ లోపల దూదిలాంటి వత్తి ఉంటుంది. ఆ వత్తి పీల్చుకున్న నీటి రంగు కొంచెం కొంచెంగా మొనకు దిగుతుంది. మూత పూర్తిగా పడకపోతే ఆ నీరు ఆరిపోతుంది. బయటి డబ్బా ఎంత ఖరీదైనదైనా దీనికి చేయగలిగింది ఏమీ లేదు. స్కెచ్‌పెన్‌ను కాపాడేది దాని మూతే. మూత "టక్" మనే దాకా నొక్కాలి. ఆ రోజు హడావుడిలో మూతలన్నీ పెట్టింది నేనే. సగం మూతలకు ఆ చప్పుడు వచ్చి ఉండదు. ఎండినవాటి మొనలను నీటి చుక్కలో ముంచి చూశాను. కొన్ని మళ్లీ రాశాయి, కొన్ని రాయలేదు.

ఇక పెన్సిల్. చెక్కినకొద్దీ ముల్లు విరుగుతోందని పిల్లలు ఏడుస్తారు, మనం పెన్సిల్ కంపెనీని తిడతాం. చాలాసార్లు తప్పు కింద పడటానిది. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటూ బంకమట్టీ కలిపి కాల్చిన సన్నని పుల్ల. గాడి తీసిన రెండు చెక్కల మధ్య దాన్ని పెట్టి అతికిస్తారు. మన దేశంలో ఈ చెక్క చాలావరకు కశ్మీర్ పుల్వామా జిల్లా నుంచి, అక్కడి పోప్లార్ చెట్ల నుంచి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చిన పెన్సిల్‌ను గట్టి డబ్బాలో వేసి, ఆ డబ్బాను బ్యాగుతో సహా నేల మీద విసిరితే, పైకి చెక్క బాగానే కనిపిస్తుంది. లోపల ముల్లు నాలుగు ముక్కలవుతుంది. డబ్బా గట్టిదైతే చాలదు, లోపల పెన్సిళ్లు గలగలలాడకుండా ఉండాలి. డబ్బాలో ఒక పాత కాటన్ గుడ్డ ముక్క వేసినా చాలా తేడా ఉంటుంది.

ఇవన్నీ తెలుసుకున్నాను గానీ, అసలు నేనెందుకు ఇలా దాచే మనిషినయ్యాను అన్నది వేరే ప్రశ్న. జవాబు నాకు తెలుసు. మీలో చాలామందికి కూడా తెలిసే ఉంటుంది.

మా బాపు సింగరేణి కార్మికుడు. మేం గోదావరిఖనిలో ఉండేవాళ్లం. నేను ఆరో తరగతికి వచ్చినప్పుడు జీతాల రోజు సాయంత్రం బాపు నాకు కంపాస్ బాక్స్ కొని తెచ్చారు. పసుపు రంగు రేకు డబ్బా. లోపల వృత్తలేఖిని, కోణమానిని, రెండు మూలమట్టాలు, చిన్న స్కేలు. మా ఇంట్లో అది మొదటి కంపాస్ బాక్స్. రెండు వారాలు తిరగకముందే వృత్తలేఖినిని బడిలో పోగొట్టాను. బాపు కొట్టలేదు, తిట్టలేదు. డబ్బా తెరిచి, ఆ ఖాళీ చోటు చూసి, మూసి నా చేతికి ఇచ్చి డ్యూటీకి పోయారు. అంతే.

ఆ తర్వాత ఆ డబ్బాను నేను బడికి తీసుకుపోలేదు. గుడ్డలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టాను. లెక్కల పీరియడ్‌లో పక్కవాణ్ణి అడుక్కుని గీసేవాణ్ణి. పదో తరగతి పరీక్షలకు ముందు బయటికి తీస్తే, వానకాలాల తేమకు బందులు తుప్పుపట్టి మూత తెరుచుకోలేదు. ఆ డబ్బా నా దగ్గర నాలుగేళ్లు "భద్రంగా" ఉంది. నాకు పనికొచ్చింది రెండు వారాలు.

బీరువా ముందు నిలబడి ఎండిపోయిన స్కెచ్‌పెన్నులు పట్టుకున్న రాత్రి నాకు గుర్తొచ్చింది ఆ పసుపు డబ్బానే. బాపు మౌనం నాకు చేసింది ఏదో, నా అరుపు మా పాపకు అదే చేసింది.

డబ్బాలన్నీ ఒక రకం కావు. మన కరీంనగర్‌నే తీసుకోండి. ఇక్కడి వెండి తీగ పని ఎంత పేరున్నదో మీకు తెలుసు, 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వెంట్రుకంత సన్నటి వెండి తీగను మెలిపెట్టి పాన్‌దాన్లు, అత్తరు దాన్లు, పళ్లేలు చేస్తారు. అటువంటి డబ్బాను ఎవరూ రోజుకు పదిసార్లు తెరవరు. అద్దాల బీరువాలో పెట్టి వచ్చినవాళ్లకు చూపిస్తారు. అది చూపించుకునే డబ్బా, దాని పని అదే. మన వంటింట్లో ఇంకో డబ్బా ఉంటుంది, పోపుల డబ్బా. రోజుకు మూడు పూటలా తెరుస్తాం. తడిచేత్తో తెరుస్తాం, నూనె కాగుతుంటే చూడకుండానే చెయ్యి పెడతాం. ఏ గిన్నెలో ఏముందో తెలుసు. ఏది తగ్గితే అది నింపుతాం. ఆవాలు అయిపోయాయని ఎవరూ ఎవరినీ తిట్టరు. అయిపోవడానికే కదా అందులో పోసేది.

పిల్లల రంగులకు మనం కొంటున్నది మొదటి రకం డబ్బా. వాళ్లకు కావలసింది రెండో రకం.

ఈ తేడా నాకు పుస్తకం చదివి తెలియలేదు, సంక్రాంతి సెలవుల్లో కళ్లారా చూశాక తెలిసింది. ఆదిలాబాద్ వెళ్తూ నిర్మల్‌లో ఆగాం. పాపకు కొయ్యబొమ్మలు చేసే చోటు చూపిద్దామనుకున్నాను. నిర్మల్ బొమ్మల కళాకారులకు అక్కడ 1955 నుంచి సహకార సంఘం ఉంది. బొమ్మలకు వాడేది పొనికి కర్ర. చేతికి బరువే తెలియనంత తేలిక, ఉలికి మెత్తగా లొంగుతుంది. చెక్కిన ముక్కలను చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు, పగుళ్లు పూడుస్తారు. దాని మీద సుద్ద పూత, ఆ తర్వాత రంగులు. పొనికి చెట్లు అడవిలో తగ్గిపోయి ఇప్పుడు కర్ర దొరకడమే కష్టమవుతోంది. ఇవన్నీ నేను పాపకు చెప్పాలనుకున్న సంగతులు.

తను చూసింది వేరు. ఒక పెద్దాయన కింద కూర్చుని పళ్ల బొమ్మలకు రంగు వేస్తున్నారు. ఆయన చుట్టూ పాత గిన్నెలు, డబ్బాలు. వాటి అంచుల నిండా రంగు మరకలు. అన్నీ చెయ్యి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాయి. ఆయన కుంచె వైపు చూస్తున్నారు తప్ప గిన్నెల వైపు చూడటం లేదు.

పాప నా చెవి దగ్గర గుసగుసగా అంది: "డాడీ, ఈ తాత రంగులకు మూతలు లెవ్వు. ఆయన్ని ఎవ్వరూ అనరా?"

ఏం చెప్పాలో తోచలేదు. "ఆయన పనే అది కద బిడ్డా" అన్నాను. అలా అన్న తర్వాత ఆ మాట నాకే తగిలింది. ఏడేళ్ల పిల్లకు కూడా రంగులు వెయ్యడమే పని. అది పాడుచేయడం ఎందుకవుతుంది?

తిరిగి వచ్చాక ఈ సంగతి మా అమ్మతో చెప్పాను. అమ్మ పెద్దగా ఆలోచించలేదు. లోపలికి పోయి, సజ్జ మీది నుంచి ఒక పాత స్టీలు పోపుల డబ్బా దింపించింది. కొత్తది కొన్నాక పక్కన పెట్టినది. "దీంట్ల పెట్టుకోమను. తెరిచినా మూసినా దీనికేం కాదు. నలభై ఏండ్ల సంది నేను కొట్టని దెబ్బ లేదు" అంది.

వేడినీళ్లలో సబ్బు వేసి రెండుసార్లు కడిగి, ఒక పూట ఎండలో పెట్టాం. స్టీలుకు వాసన పట్టదు, అదొక సుఖం. తర్వాత తొమ్మిది డబ్బాల్లోని రంగులన్నీ కింద చాప మీద కుప్ప పోశాం. విరిగిన క్రేయాన్ ముక్కలు అన్ని ఉన్నాయని ఆ రోజే తెలిసింది. కొత్త డబ్బాల అచ్చు గుంటల్లో విరిగిన ముక్కకు చోటు ఉండదు. అందుకే విరగగానే అవి చెత్తబుట్టకో, సోఫా కిందకో పోతాయి. పోపు గిన్నెకు ముక్క అయినా ఒకటే, పొడుగుది అయినా ఒకటే. పసుపు ఉండే గిన్నెలో పసుపు రంగులు, ఎండుమిర్చి గిన్నెలో ఎరుపు, ఆవాల గిన్నెలో నలుపు, మెంతుల గిన్నెలో మట్టి రంగులు పెట్టింది మా పాప. నీలానికీ ఆకుపచ్చకూ పోపులో జోడీ దొరకలేదు, వాటికి పప్పుల గిన్నెలు ఇచ్చింది. మిగిలిన గిన్నె షార్ప్‌నర్‌కూ రబ్బరుకూ.

స్కెచ్‌పెన్నులు పొడుగు కాబట్టి అందులో పట్టవు. ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలో అడ్డంగా పడుకోబెట్టాం. నిలబెడితే రంగు ఒక కొసకే దిగుతుంది, పడుకోబెడితే రెండు వైపులా సమంగా ఉంటుంది. మూత "టక్" అనే ఆట ఒక రోజంతా ఆడుకుంది. ఇప్పుడు ఆ చప్పుడు రాకపోతే తనకే తోచదు.

పోపుల డబ్బా చోటు కూడా మార్చాం. బీరువాలో కాదు, టీవీ కింది అరలో, తన చేతికి అందే ఎత్తులో.

ఇది ఇంటి సంగతి. బడికి పోయే డబ్బా వేరు. దాన్ని కొనేముందు నేను చూసుకున్నవి చెప్తాను, మీరూ చూసుకోండి.

మొదటిది బరువు. 2018 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ఒకటి, రెండు తరగతుల పిల్లల బ్యాగు కిలోన్నర దాటకూడదని చెప్పింది. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు బరువు పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదు. ఇరవై కిలోల పిల్లకు రెండు కిలోలన్నమాట. మా మీటల డబ్బాను ఖాళీగా తూస్తే పావు కిలోకు పైనే ఉంది. ఆ రెండు కిలోలలో ఎనిమిదో వంతు ఖాళీ డబ్బాకే పోతే పుస్తకాలకూ నీళ్ల సీసాకూ ఏం మిగులుతుంది?

రెండోది బందు. ప్లాస్టిక్ డబ్బా ఎక్కువగా విరిగేది మూత మడిచే చోటే. డబ్బా అడుగున త్రికోణం గుర్తులో ఒక అంకె ఉంటుంది. 5 ఉంటే అది పాలీప్రొపిలీన్. కొంచెం మెత్తగా ఉంటుంది, మూత వేల సార్లు మడిచినా తట్టుకుంటుంది. 6 ఉంటే పాలీస్టైరీన్. అద్దంలా మెరుస్తుంది, కింద పడితే పగులుతుంది. షాపులో మెరిసేదే ముందు కళ్లబడుతుంది, గుర్తుంచుకోండి. రేకు డబ్బా అయితే అంచుల వెంట వేలు నడిపి చూడండి, గీసుకుపోయేలా ఉంటే వద్దు. వానకాలంలో తడి డబ్బాను మూసి పెట్టకండి, నా పసుపు డబ్బా గతే పడుతుంది.

మూడోది భద్రత. ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే ఇది తప్పకుండా చూడండి. అయస్కాంతం డబ్బాల్లో ఆ బిళ్ల ఊడిపోయేలా ఉంటే వెంటనే తీసేయండి. చిన్నపిల్లలు రెండు అయస్కాంతాలు మింగితే అవి కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని పేగులకు ప్రాణాపాయం తెస్తాయి. స్కెచ్‌పెన్ మూత కూడా గొంతులో అడ్డుపడవచ్చు. కొన్ని మూతలకు కొసన చిన్న రంధ్రం ఉండేది అందుకే. ఒకవేళ గొంతులో ఇరుక్కుంటే గాలి ఆడటానికి. పిల్లల పెన్ను మూతల కోసం ఐఎస్ఓ 11540 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. రంధ్రం ఉన్న మూతలే తీసుకోండి.

నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. షాపులోనే డబ్బాను పిల్ల చేతికివ్వండి. మీరు ముట్టుకోకండి. తనంతట తాను తెరవగలగాలి, అన్నీ పెట్టి మూయగలగాలి. గోరు విరిగేంత బిగుతుగా ఉంటే వద్దు. తెరవరాని డబ్బాను పిల్లలు బలంగా లాగుతారు, విరుగుతుంది, మనం తిడతాం. తప్పు ఎవరిది?

ఈ నాలుగూ చూసుకున్నాక మేం చివరకు కొన్నది డబ్బానే కాదు. అమ్మ దగ్గర మందపాటి కాటన్ గుడ్డ ఉంటే, మా ఇంటి దగ్గరి టైలర్‌తో జిప్పు సంచీ కుట్టించాం. సిరిసిల్ల మగ్గాల జిల్లాలో పుట్టి పెరిగిన మనకు గుడ్డ సంచీ గుర్తు రాకపోవడమే విచిత్రం. లోపల పుల్ల కదలకుండా రెండు అరలు. బరువు లేదు, పడితే చప్పుడు లేదు, మురికైతే ఉతుక్కోవచ్చు. బడికి రెండు పెన్సిళ్లు, ఒక రబ్బరు, షార్ప్‌నర్, పన్నెండు కలర్ పెన్సిళ్లు. అంతే. పన్నెండు కూడా ఎక్కువేమో. 1903లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి క్రేయోలా డబ్బాలో ఉన్నవి ఎనిమిది రంగులే. ఆ ఎనిమిదింటితో పిల్లలు ఎన్ని బొమ్మలు వేశారో! మన పిల్లలకు రంగులు చాలక కాదు, రంగుల దగ్గర భయం చాలా ఎక్కువై ఆగిపోతున్నారు.

ఒక ఒప్పందం కూడా చేసుకున్నాం. నెలకు రెండు వస్తువులు పోవచ్చు. పోతే వచ్చి చెప్పాలి, నేను ఏమీ అనకూడదు. మూడోది పోతే ఆ నెలాఖరు దాకా ఉన్నవాటితో సర్దుకోవాలి. పక్కపిల్లకు ఇస్తే అది పోయినట్టు లెక్క కాదు, ఇచ్చినట్టు లెక్క. ఈ చివరి మాట పాప పెట్టిన షరతు. జనవరి నుంచి ఇప్పటిదాకా మూడో వస్తువు పోయింది ఒక్క నెలలోనే. నేను మాట తప్పి అరిచింది రెండుసార్లు. లెక్క రాసుకునేది తనే కాబట్టి దాచడానికి లేదు.

మిగిలిన డబ్బాల్లో బాగున్న నాలుగింటిని మా వీధి అంగన్‌వాడీకి ఇచ్చాం. కారు డబ్బా మాత్రం పాప ఇవ్వలేదు. అందులో ఇప్పుడు గవ్వలు, సీసా మూతలు ఉన్నాయి.

ఈ నెల మళ్లీ మనమందరం టవర్ సర్కిల్‌లోనో, ఆదిలాబాద్ బజారులోనో స్టేషనరీ షాపుల ముందు నిలబడతాం. పిల్లలు మెరిసే డబ్బా వైపు చెయ్యి చూపుతారు. వద్దని నేను అనను. కొంటే కొనండి. కానీ ఇంటికి వెళ్లాక ఒక్కసారి బీరువా తెరిచి చూడండి. "పెద్దయ్యాక వాడుకుందువు" అని దాచినవి ఏమైనా ఉంటే ఈ రోజే బయటికి తీసి పిల్లల చేతికి ఇవ్వండి. మూతలు "టక్" మనిపించడం ఒక్కటి నేర్పితే చాలు.

వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం పాప తన పాత డ్రాయింగ్ పుస్తకం తీసింది. పోపుల డబ్బా ముందు పెట్టుకుని, రంగులు లేని ఆ బతుకమ్మను నింపడం మొదలుపెట్టింది. తంగేడుకు పసుపు, బంతికి నారింజ. గునుగుకు మనం పండక్కి రంగులద్దినట్టే ఒక వరుస నీలం, ఒక వరుస ఎరుపు. సాయంత్రానికి నా దగ్గరికి వచ్చి, చేతిలో గోరంత ముక్క చూపించింది.

"డాడీ, ఎర్రది అయిపోయింది."

అరచేతిలో ఆ ముక్కను చూశాను. "ఎట్ల అయిపోయింది?" అని నోటి దాకా వచ్చింది. చెప్పులు వేసుకుని ఇద్దరం షాపుకు పోయాం.